ఊళ్లో ఆటస్థలానికి ప్రభుత్వ నిధులు: అర్జీ కన్నా ముందు ఎస్టిమేటు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో నల్లరేగడి నేలల ఊరు. పాతికమంది దాకా కుర్రాళ్లం వాలీబాల్ ఆడతాం. హైస్కూలు అమ్మాయిలు కబడ్డీ ఆడతారు. శనగ కోతలయ్యాక ఖాళీ చేలల్లో ఆడుకోవడమే తప్ప మాకంటూ ఒక చోటు లేదు. హైస్కూలు వెనక పంచాయతీదని అందరూ అనుకునే 40 సెంట్ల జాగా ఉంది. అక్కడ కేంద్ర క్రీడా పథకం 'ఖేలో ఇండియా' కింద 50 లక్షలతో ఇండోర్ స్టేడియం కట్టించమని ఎంపీ గారికి, రాష్ట్ర క్రీడా సంస్థ శాప్‌కు అర్జీలు పెట్టాం. జవాబు లేదు. ఊళ్లో చందాలు 60 వేలు పోగయ్యాయి. ముందు ఆ డబ్బుతో గ్రావెల్ తోలించి పని మొదలుపెట్టి, తర్వాత ప్రభుత్వం నుంచి రాబట్టుకోవచ్చా? అసలు ఎవరిని, ఎలా అడగాలి?
– ఒక యువజన సంఘం సభ్యులు

సమాధానం: ముందుగా, ఆ 60 వేలతో గ్రావెల్ తోలించకండి. అయిపోయిన పనికి, సగం అయిన పనికి తర్వాత డబ్బు తిరిగి ఇవ్వడం ఎంపీ నిధుల నిబంధనల్లోనే నిషేధం. పంచాయతీ నిధుల్లోనూ ఎస్టిమేటు, మంజూరు లేకుండా చేసిన పనికి బిల్లు చేయడం కుదరదు. పైగా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి కొలతలు తీసేనాటికే అక్కడ గ్రావెల్ ఉంటే, ఎంత మందం మీరు పోసింది, ఎంత కాంట్రాక్టరు పోయాలి అన్న పేచీ మొదలవుతుంది. మీ డబ్బుకు వేరే పని ఉంది, అది చివర్లో చెబుతాం.

రెండోది, మీరు అడిగినది ఆ స్థలంలో పట్టదు. ఖేలో ఇండియాలో మల్టీపర్పస్ హాలు అంటే 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు. అంటే 2,400 చదరపు మీటర్లు. మీ 40 సెంట్లు 1,619 చదరపు మీటర్లు మాత్రమే. ఆ పథకం కింద ఇచ్చేవి సింథటిక్ ట్రాకులు, హాకీ టర్ఫులు, పెద్ద హాళ్లు. ఖర్చు కోట్లలో ఉంటుంది. ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం ద్వారా వెళ్లాలి, భూమి చేతిలో ఉండాలి, కట్టాక ఏళ్ల తరబడి ఎవరు నడుపుతారో రాసివ్వాలి. జిల్లా కేంద్రానికి సరిపోయే పథకం అది. ఎంపీ నిధుల సంగతి చూడండి. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక లోక్‌సభ స్థానం కింద 7 అసెంబ్లీ నియోజకవర్గాలు. సమానంగా పంచినా ఒక్కోదానికి 71 లక్షలు. అందులో మీ ఊరొక్కటే 50 లక్షలు అడిగితే ఆ కాగితం పక్కకు పోవడంలో వింతేమీ లేదు.

మీకు నిజంగా కావలసింది ఒక మట్టి వాలీబాల్ కోర్టు, ఒక కబడ్డీ కోర్టు, చుట్టూ కంచె, నాలుగు లైట్ల స్తంభాలు, నీళ్ల కుళాయి. ఇది దొరకని కోరిక కాదు. కానీ "ఆటస్థలం మంజూరు చేయగలరు" అని రాసిన అర్జీతో దొరకదు. సర్వే నంబరు, తీర్మానం, ఏఈ సంతకం చేసిన ఎస్టిమేటు, ఈ మూడూ ఒకే ఫైల్లో ఉంటే అడిగిన చోటల్లా మాట ముందుకు సాగుతుంది. అవి లేకపోతే ఏ నాయకుడు సిఫారసు చేసినా ఫైలు తిరిగి మీ పంచాయతీకే వస్తుంది.

స్థలంతో మొదలుపెట్టండి. "పంచాయతీదని అందరూ అనుకునే" అని మీరే రాశారు, అసలు చిక్కు అక్కడే ఉంది. గ్రామ సచివాలయంలో వీఆర్‌వో దగ్గర అడంగల్, గ్రామ సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) చూడండి. గ్రామకంఠమా, పోరంబోకా, హైస్కూలు పేరున ఉందా, ఎవరికైనా అసైన్ చేశారా అన్నది తేలాలి. గ్రామకంఠంలోని ఖాళీ జాగా అయితే పని సులువు. రెవెన్యూ పోరంబోకు అయితే పంచాయతీ తీర్మానం ఒక్కటే చాలదు, తహసీల్దారు ద్వారా పైకి రాసి ఆటస్థలానికి కేటాయింపు తెచ్చుకోవాలి. చెరువు, వాగు, మేత పోరంబోకుల జోలికి పోకండి. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అలాంటి భూముల విషయంలో ఏ అధికారీ చేయి పెట్టడానికి ఇష్టపడడు. దేవాదాయ భూమి అయితే ఆ శాఖ అనుమతి లేకుండా ఒక్క గుంత కూడా తవ్వకూడదు. దాత ఎవరైనా ఇస్తానంటే నోటిమాట, స్టాంపు కాగితం పనికిరావు. పంచాయతీ పేరున రిజిస్టరైన దానపత్రం కావాలి. హైస్కూలు భూమి అని తేలితే దిగులు పడకండి, ఒకరకంగా అదే మేలు. హెడ్మాస్టరు, ఎంఈవో ద్వారా డీఈవో అనుమతి తీసుకుని, బడి వేళల్లో పిల్లలకు, సాయంత్రాలు ఊరికి అని రాసుకోవచ్చు.

రికార్డు తేలాక మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టించి హద్దులు కొలిపించండి, రాళ్లు పాతించండి. ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లు, చేలవాళ్లు ఆ రోజు అక్కడ ఉండేలా చూసుకోండి. పని మొదలయ్యాక "ఈ రెండు సెంట్లు మాది" అని ఒకరు అడ్డుపడితే కాంట్రాక్టరు పని ఆపేసి వెళ్తాడు, మంజూరైన డబ్బు వెనక్కి పోతుంది. అలాగే తలెత్తి పైకి కూడా చూడండి. స్థలం మీదుగా 11 కేవీ లైను పోతుంటే దాన్ని మార్చడానికి విద్యుత్ సంస్థ విడిగా ఎస్టిమేటు వేసి డబ్బు కట్టించుకుంటుంది. అది ముందే లెక్కలో లేకపోతే స్తంభాలు పాతే రోజున పని ఆగుతుంది.

తర్వాత గ్రామసభ తీర్మానం. చాలా ఊళ్లలో తీర్మానం ఒక్క వాక్యంలో ఉంటుంది, దాన్ని చూసి పై ఆఫీసుల్లో ప్రశ్నలు రాసి తిప్పి పంపుతారు. ఇలా ఉంటే తిరిగి రాదు:

"గ్రామంలోని సర్వే నంబరు ...లో ... వర్గీకరణ కలిగిన 40 సెంట్ల భూమిని (హద్దులు: తూర్పు ..., పడమర ..., ఉత్తరం ..., దక్షిణం ...) గ్రామ ఆటస్థలానికి కేటాయించడమైనది. దీనిపై కోర్టు వివాదాలు, ఆక్రమణలు లేవు. ఇక్కడ వాలీబాల్, కబడ్డీ కోర్టులు, కంచె, మురుగు కాలువ, లైట్లు ఏర్పాటు చేయుటకు ఎస్టిమేటు తయారుచేయవలసినదిగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగాన్ని కోరడమైనది. పని పూర్తయిన పిదప ఆస్తి పంచాయతీ రిజిస్టరులో నమోదు చేసి, కరెంటు బిల్లు, నిర్వహణ ఖర్చులు పంచాయతీ సాధారణ నిధుల నుంచి భరించడమైనది. కులమత, స్త్రీ పురుష భేదం లేకుండా గ్రామస్థులందరికీ ప్రవేశం ఉండును."

నిర్వహణ గురించిన వాక్యం చాలామంది వదిలేస్తారు. ఎంపీ నిధులైనా ఖేలో ఇండియా అయినా నెలనెలా అయ్యే ఖర్చులకు డబ్బివ్వవు. ఆ భారం ఎవరిదో రాతపూర్వకంగా కనపడితేనే అధికారి ధైర్యంగా సంతకం పెడతాడు. 200 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు ఎనిమిది పెట్టి రోజుకు మూడు గంటలు వెలిగిస్తే నెలకు 144 యూనిట్లు. చిన్న పంచాయతీకి అది లెక్కే. సభలోనే ఆ అంకె చెప్పి ఒప్పించండి.

ఇక ఎస్టిమేటు. సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటును, మండలంలోని పంచాయతీరాజ్ ఏఈని స్థలం దగ్గరికి రప్పించండి. మీ చేతిలో కొలతల కాగితం ఉండాలి, ఎందుకంటే వాళ్లు రోజూ వేసేవి సీసీ రోడ్లు, డ్రైన్లు. ఆటల కొలతలు గుర్తుండకపోవచ్చు. వాలీబాల్ కోర్టు 18 × 9 మీటర్లు, చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ కలిపి 24 × 15, అంటే సుమారు 9 సెంట్లు. కబడ్డీ మగవాళ్లకు 13 × 10, ఆడవాళ్లకు 12 × 8. పెద్ద కొలతతో చుట్టూ 3 మీటర్లు వదిలితే 19 × 16, ఏడున్నర సెంట్లు. రెండూ పోగా మీకు సగానికి పైనే మిగులుతుంది, ఖోఖో గానీ వ్యాయామ బార్లు గానీ తర్వాత చూసుకోవచ్చు. కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. తూర్పు పడమరలుగా వేస్తే సాయంత్రం ఒక జట్టు కళ్లలో ఎండ పడుతుంది, ఒకసారి వేశాక మార్చలేరు.

మీ ఊరి విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది నేల. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద నేరుగా కాంక్రీటు పోస్తే రెండు మూడు వేసవుల్లో పగుళ్లు తేలతాయి. కాంక్రీటు మీద డైవ్ చేసే వాలీబాల్ ఆటగాడి మోకాళ్లు, మోచేతుల గతి వేరే చెప్పక్కర్లేదు. "సీసీ వేస్తే బిల్లు సులువు" అని ఎవరన్నా ఒప్పుకోకండి. మట్టి కోర్టే అడగండి. పైనున్న రేగడిని తీసేసి, కనీసం 30 సెంటీమీటర్ల గ్రావెల్‌ను 15 సెంటీమీటర్ల చొప్పున రెండు పొరలుగా పోయాలి. ఒక్కో పొరకూ నీళ్లు చల్లి 8 నుంచి 10 టన్నుల రోలరుతో గట్టిగా తొక్కించాలి. ఆపైన 5 సెంటీమీటర్ల జల్లించిన ఎర్రమట్టి. కోర్టు చుట్టూ ఉన్న నేల కన్నా 15 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి, వందకు ఒకటి చొప్పున వాలు ఉండాలి, వాలు దిగిన చోట కాలువ ఉండాలి.

ఎస్టిమేటు చేతికి వచ్చాక ఈ లెక్క వేసి చూడండి. 24 × 15 × 0.30 అంటే తొక్కించిన గ్రావెల్ 108 ఘనపు మీటర్లు. వదులుగా ఉన్నప్పుడు పాతిక శాతం ఎక్కువ, కాబట్టి తోలాల్సింది 135 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రక్కుకు 3 ఘనపు మీటర్లు పడితే 45 ట్రక్కులు. ఇది ఒక్క వాలీబాల్ కోర్టుకే. కాగితంలో 54 ఘనపు మీటర్లు అని ఉంటే ఒక్క పొరే రాశారని అర్థం. పని నడిచేటప్పుడు పాతిక ట్రక్కులకే నేల చదును చేస్తుంటే ఆ పూటే ఏఈకి చెప్పాలి. పూర్తయ్యాక మొదటి వానకు కుంగితే ఎవరూ రారు. అన్నిచోట్లా చెడేది రోలరు దగ్గరే. తోలేసి, జేసీబీ బకెట్‌తో సర్ది, పైన నీళ్లు చల్లి ఫొటో తీస్తారు, చూడ్డానికి తేడా తెలియదు. తొక్కించిన నేల మీద మడమతో గట్టిగా గుద్దితే గుంట పడకూడదు.

స్తంభాలు కూడా ఎస్టిమేటులో వివరంగా రాయించండి. వాలీబాల్ పోస్టు పక్కగీతకు అర మీటరు నుంచి ఒక మీటరు బయట ఉండాలి. అంటే రెండు పోస్టుల మధ్య 10 నుంచి 11 మీటర్లు. ఎత్తు 2.55 మీటర్లు. పోస్టును నేరుగా కాంక్రీటులో పాతకుండా, కాంక్రీటు దిమ్మెలో పైపు తొడుగు పెట్టి అందులో దించాలి. అలాగైతే వంగినా తుప్పు పట్టినా తీసి మార్చుకోవచ్చు. నెట్టు ఎత్తు మగవాళ్లకు 2.43, ఆడవాళ్లకు 2.24 మీటర్లు. రెండు ఎత్తులకూ కొక్కేలు పెట్టిస్తే అమ్మాయిలు కూడా అదే కోర్టు వాడుకుంటారు. ఊరి కోర్టు అంటే మగపిల్లల కోర్టు అయిపోవడం చాలాచోట్ల ఇలాంటి చిన్న విషయంతోనే మొదలవుతుంది. దయచేసి దీన్ని వదలకండి.

ఏఈ వేసే ఎస్టిమేటు ఆ ఏటి ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) ధరల మీద ఉంటుంది. దాని మీద జీఎస్టీ, ఒక శాతం లేబర్ సెస్సు, గ్రావెల్‌కు సీనరేజి (గనుల శాఖకు కట్టే రుసుము) కలుస్తాయి. "5 లక్షలు వచ్చాయి" అంటే కోర్టు మీద 5 లక్షలూ పడతాయనుకోవద్దు. కంచె, కాలువ చేర్చమని మొదటిరోజే అడగండి, మధ్యలో చేర్చాలంటే మళ్లీ మంజూరు కావాలి.

ఇప్పుడు డబ్బు. పనిని సహజంగా విడిపోయే ముక్కలుగా చూడండి: నేల పని, కోర్టు, కంచె, లైట్లు. ఒక్కో ముక్క ఒక్కో నిధికి సరిపోతుంది. టెండరు తప్పించుకోవడానికి ఒకే పనిని ముక్కలు చేయడం మాత్రం తప్పు, ఆడిట్‌లో పట్టుబడుతుంది. ఏ ముక్క ఏ నిధి నుంచి అన్నది తీర్మానంలో స్పష్టంగా ఉండాలి, ఒకే కొలతకు రెండు నిధుల్లో బిల్లు పడకూడదు.

మొదటి తలుపు మీ పంచాయతీయే. 15వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2021 నుంచి 2026 వరకు, గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి కట్టుబడి ఉండగా మిగతా 40 శాతం జీతాలకు తప్ప ఊరి అవసరాలకు వాడుకునే వీలిచ్చారు. ఇప్పటి వాటాలు ఎంతో పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఏ వాటా అయినా పని ముందుగా గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కి, ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో కనపడాలి. ఆ ప్రణాళిక సభలు ఏటా అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. ఆ సభకు మీ పాతికమందే కాదు, అమ్మాయిల తల్లిదండ్రులు కూడా వెళ్లాలి. అప్పుడు తప్పితే ఏడాది ఆగాల్సి వస్తుంది.

నేల పనికి ఉపాధి హామీ. 2005 నాటి చట్టం షెడ్యూల్‌లో గ్రామీణ మౌలిక వసతుల కింద ఆటస్థలాలు ఉన్నాయి. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది ఈ దారిలోనే. కూలికి 60, సామగ్రికి 40 అన్న నిష్పత్తి దాటకూడదు కాబట్టి గ్రావెల్ ఎక్కువున్న పనికి ఎంపీడీవో ఆఫీసులో వెనకాడతారు. ముళ్లకంపలు కొట్టడం, చదును చేయడం, రేగడి తీయడం, గట్టు, కాలువ తవ్వకం, చుట్టూ మొక్కలు ఇందులో పెట్టి, గ్రావెల్‌ను పంచాయతీ నిధికో ఎంపీ నిధికో మార్చండి. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది ఆమోదించింది కాబట్టి, ప్రస్తుతం అమల్లో ఉన్న పనుల జాబితాలో ఆటస్థలం ఉందో లేదో మండలంలో ఉపాధి హామీ పనులు చూసే ఏపీవో దగ్గర చూసుకుని ఈ అడుగు వేయండి.

ఎంపీ నిధులకు ఈసారి ఎస్టిమేటు, తీర్మానం, భూమి కాగితాలతో వెళ్లండి. డబ్బు ఎంపీ చేతి నుంచి రాదు, మీ సంఘం ఖాతాలోకీ రాదు. ఎంపీ సిఫారసు చేస్తారు, కలెక్టరు మంజూరు చేస్తారు, ఇంజినీరింగ్ విభాగం పని చేయిస్తుంది. సిఫారసు అందిన 45 రోజుల్లో జిల్లా యంత్రాంగం అవునో కాదో తేల్చాలి. అందుకని "సిఫారసు చేశాం" అన్న మాట వినగానే దాని కాపీ తీసుకుని, కలెక్టరేట్‌లో ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసులో ఫైలు ఎక్కడుందో కనుక్కోండి. ఎస్సీలు నివసించే ప్రాంతాలకు 15 శాతం, ఎస్టీల ప్రాంతాలకు 7.5 శాతం వాటా ఉంది. మీ స్థలం ఎస్సీ కాలనీకి దగ్గరైతే ఆ జనాభా వివరం తప్పక రాయండి. లోక్‌సభ సభ్యుడి నిధులు అయిపోయాయంటే రాజ్యసభ సభ్యులను అడగొచ్చు, వాళ్లు తమ రాష్ట్రంలో ఏ జిల్లాకైనా సిఫారసు చేయగలరు. ఆంధ్రప్రదేశ్‌కు 11 మంది ఉన్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లే ఊళ్లు తక్కువ. బంతులు, నెట్ల వంటి సరుకులు ఈ నిధుల్లో రావు. ఎన్నికల కోడ్ వస్తే మొదలుకాని పనులు ఆగిపోతాయి, కాబట్టి నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి.

లైట్లకు, కంచెకు కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చు చేసే నిధులు) బాగుంటుంది. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో గ్రామీణ క్రీడలకు శిక్షణ ఉంది, గ్రామీణాభివృద్ధి కూడా ఉంది. కాబట్టి కేవలం కట్టడం అని కాక, అమ్మాయిల కబడ్డీ శిక్షణతో కలిపి రాయండి. నేరుగా మీ సంఘం ద్వారా పని చేయించాలంటే సొసైటీ రిజిస్ట్రేషన్‌తో పాటు ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదులు, కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు కావాలి. అంత దూరం ఇప్పుడే అక్కర్లేదు, కలెక్టరు ద్వారా పంచాయతీకి ఇప్పించుకోండి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురితో రిజిస్టరు మాత్రం చేసుకోండి. పార్టీ పేరు, కులం పేరు లేకుండా పెట్టండి. చందాలకు బ్యాంకు ఖాతా, లెక్క రెండూ అప్పుడే వస్తాయి.

మీ 60 వేలు ఇక్కడ పనికొస్తాయి. మీసేవ రుసుములు, కరెంటు కనెక్షను డిపాజిట్టు, బంతులు, నెట్టు, సున్నం, రెండో ఏడాది ఎర్రమట్టి మళ్లీ పోయించడం. ప్రభుత్వం ఇవ్వనివన్నీ ఇవే. హైస్కూలు పిల్లల సామాన్లకు మాత్రం మీ డబ్బు పెట్టకండి. సమగ్ర శిక్షలో ఉన్నత పాఠశాలకు ఏడాదికి 25 వేల వరకు క్రీడా గ్రాంటు ఉంది. అది వచ్చిందా, దేనికి ఖర్చయింది అని హెడ్మాస్టరు గారిని మర్యాదగా అడగండి.

మంజూరయ్యాక కూడా మీ పని ఉంది. పని మొదలుకాక ముందు, ఒక్కో పొర పడ్డాక, పూర్తయ్యాక, ఒకేచోట నిలబడి లొకేషన్ వచ్చేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. ఏఈ ఎం-బుక్‌లో (బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకంలో) కొలతలు రాసే రోజు మీలో ఇద్దరు టేపు పట్టుకుని పక్కనుండండి. మార్చి 31కి బిల్లు కావాలన్న తొందరలో కంచె పడకుండానే పూర్తయినట్టు రాసేయడం జరుగుతుంటుంది. నిధులు ఖర్చయ్యాయని చెప్పే వినియోగ ధ్రువపత్రం అలా వెళ్లిపోతే మిగిలిన పని ఇక ఎవరిదీ కాదు. ఫైలు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. అప్పటికీ తేలకపోతే సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు, మంజూరు ఉత్తర్వు, ఎం-బుక్ పేజీల నకళ్లు అడగండి. గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. జవాబుకు గడువు 30 రోజులు.